రెండు వేళ్ల సందు

2015 ఫిబ్రవరి, ఒక ఆదివారం, పొద్దున్న తొమ్మిది గంటల నలభై నిమిషాలు. చీపురుపల్లి దాటి ఆరేడు కిలోమీటర్లు వెళ్లాక వచ్చే చిన్న కల్వర్టు మీద, మేము మార్చి బిగించిన షాకబ్జర్ చివరికంటా మూసుకుపోయి, వెనక సీట్లో ఉన్న డెబ్భై ఆరేళ్ల మనిషి నడుము మీద దెబ్బ కొట్టింది. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, కారు ఆగగానే నేను చేతి గడియారం చూసుకున్నాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి అలాంటి పనికిమాలిన పనులే చేస్తాడు.

మెకానిక్ పని నేర్చుకుంటున్న మీలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు అక్షరం నలభై మూడో ఏట వచ్చింది. నాతో పనిచేసిన వెల్డర్ భార్య బాప్టిస్టు చర్చి వరండాలో పెద్దవాళ్లకి చదువు చెప్పేది. ఆవిడ దగ్గరే దిద్దాను. అందుకని నా రాత వంకరగా ఉంటే సర్దుకోండి. పేర్లు మాత్రం రాయను. పేరు రాస్తే మీరు జరిగింది వదిలేసి, ఆ మనిషి ఎవరి తాలూకు అని వెతకడం మొదలెడతారు.

నేను గరివిడిలో లారీల షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. నా చేతికి తెలిసింది లారీ కమాను కట్టలు, చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీలు. లారీకి మెత్తదనంతో పనిలేదు, బరువు మొయ్యాలి, అంతే. లారీలో పోసిన ఇనప రాయి కుదుపుకి ఏడవదు. అక్కడ పని మానేశాక విజయనగరం శివార్లలో వెల్డర్ పెట్టుకున్న రేకుల షెడ్డులో కూర్చునేవాడిని. అతను నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాడిని. అతను వెల్డింగు మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. "సెప్పీసేవా నీ దేవుడికి? మరి ఎలిగించు," అనేవాణ్ణి నేను. "నీ పేరు కూడా సెప్పేను, సెడిపోకుండా సూడమని," అనేవాడు. మాట పడడు.

మా దగ్గరికి ఆ కారు వచ్చింది ముందరి ఏడాది తుఫాను పోయిన రెండు నెలలకి. పాత అంబాసిడర్, మొట్టమొదటి రకం. దాని యజమాని ఒక వీణ టీచరమ్మ. ఆవిడది తరతరాలుగా సంగీతం చెప్పే ఇల్లు. కారు భర్తది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. టీచరమ్మ నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం శ్రీకాకుళం వెళ్లి, అరసవల్లి వైపు ఒక ఇంట్లో పిల్లలకి పాఠం చెప్పేది. ఒకరోజు స్నానాల గదిలో జారిపడింది. వెన్నులో ఎముక ఒకటి నలిగిపోయింది. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: గట్టి కుదుపు తగలకూడదు, ఆ ఎముక ఇంకోసారి కదిలిందంటే కాళ్లు పోతాయి. అప్పటినుంచి పద్నాలుగు నెలలు ఆవిడ ఒక్క గదిలో ఉండిపోయింది.

ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆదివారం శ్రీకాకుళం వెళ్లడం. అక్కడ పదకొండు మంది పిల్లలు ఉన్నారు. ఆవిడ లేకపోతే ఆ పాఠం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇప్పటి కార్లు తెప్పించి చూశారు. వాటిలో ఎక్కాలంటే వంగాలి, వంగి గుంటలో పడ్డట్టు కూర్చోవాలి. ఆవిడ నడుము వంగదు. ఈ పాత కారులో సీటు కుర్చీ అంత ఎత్తు, తలుపు వెడల్పు. నిలువుగా నిలబడి అలా వెనక్కి కూర్చోవచ్చు. ఆవిడ లోకంలోకి రావడానికి ఆ కారు తప్ప వేరే దారి లేదు. ఆ సంగతి ఆవిడ కోడలు మొదటి రోజే మాకు చెప్పింది. తెలియక చేశానని చెప్పడానికి నాకు వీల్లేదు.

కారుకి వెనక షాకబ్జర్లు చచ్చిపోయి ఉన్నాయి. అవి పాత పద్ధతివి. ఇప్పటిలా గొట్టం ఉండదు. ఛాసిస్‌కి బిగించిన చిన్న పెట్టె, దానికి ఒక చెయ్యి. చక్రం ఎగిరితే ఆ చెయ్యి పైకి లేచి లోపల నూనెని తోస్తుంది, కుదుపు అక్కడ చచ్చిపోతుంది. రెండుసార్లు విప్పి సీళ్లు మార్చాం. రెండుసార్లూ వారం తిరక్కుండా నూనె కారిపోయింది. కొత్తవి ఎక్కడా దొరకవు. అప్పుడు నేనే అన్నాను, చిన్న వ్యాను తాలూకు గొట్టం షాకబ్జర్లు తెచ్చి దీనికి అమరుద్దామని. విశాఖపట్నం వెళ్లి పట్టుకొచ్చాం.

అవి కొంచెం పొడుగు. పొడుగైనప్పుడు పై కొనని పైకి జరపాలి. జరపాలంటే డిక్కీ నేల కోసి, నాలుగు వేళ్లు పైన బ్రాకెట్టు వెల్డు చెయ్యాలి. సరైన పద్ధతి అదే. కోడలు ఒప్పుకోలేదు.

"డిక్కీ కొయ్యకండి మేస్త్రీ గారూ. మా మావగారు ఈ కారుకి సుత్తి తగలనిచ్చేవారు కాదు. అత్తయ్య చూస్తే బాధపడతారు."

సరే అన్నాను. అత్తయ్యగారిని అడుగుదామని కూడా అనలేదు. డిక్కీ కిందే బ్రాకెట్టు పెట్టించాను. కారు నేల మీద నిలబెట్టి చూస్తే షాకబ్జర్ పూర్తిగా మూసుకోవడానికి ఇంకా రెండు వేళ్ల సందు ఉంది. వెల్డర్ కింద పడుకుని చూసి లేచాడు.

"బావా, సందు తక్కువున్నాదేమో సూడు."

"రెండు వేళ్లున్నాది. సాలదేటి?"

"బరువెక్కితేనో?"

"ఏటి బరువు? ముసలామె ఒకర్తి, కోడలొకర్తి. లారీలకే రెండు వేళ్లు ఒదుల్తాం."

"లారీలో మనుసులు కమాను మీద కూకోరు బావా."

"నీ వెల్డు నువ్వు సూసుకో, నా కొలత నాను సూసుకుంతాను," అన్నాను. ఇంత వయసొచ్చినా ఈ రోజుకీ ఆ మాట గుర్తొస్తే తల దించుకుంటాను.

మిగతా పని బాగానే చేశాం. రబ్బరు బుష్షుల బోల్టులు జాకీ మీద బిగించకూడదు, చక్రాలు నేల మీద ఉండి బరువు పడ్డప్పుడే బిగించాలి. లేదంటే నెల తిరక్కుండా రబ్బరు చిరిగిపోతుంది. అది మర్చిపోలేదు. ఎడమ కుడి ఎత్తులు సరిచూశాం. ఇంత జాగ్రత్తగా చేశాం కదా అన్న ధీమా ఒకటి వచ్చి నా నెత్తిన కూర్చుంది.

కారు ఇంటికి తీసుకెళ్తే టీచరమ్మ కిటికీలోంచి చూసింది. మమ్మల్ని లోపలికి పిలిచింది. మంచం మీద నిటారుగా, వెనక మూడు దిండ్లతో ఉంది.

"నన్ను ఎక్కించే ముందు నా తంబూరాని ఎక్కించండి నాయనా," అంది. "శ్రుతి చేసి ఇస్తాను. గరివిడి దాకా వెళ్లి రండి. వచ్చాక మీటి చూస్తాను. శ్రుతి జారకపోతే ఆదివారం నేను ఎక్కుతాను."

తీగలు చుట్టిన బిరడాలు కుదుపుకి జారతాయట. ఎంత కుదిపితే అంత జారతాయి. సూటైన పరీక్ష అనిపించింది. బయటికి వచ్చాక వెల్డర్ నా చెవిలో అన్నాడు: "బావా, ముప్పయ్యేళ్ల సర్వీసులో మన పనికి తీగలు మార్కులెయ్యడం ఇదే మొదలు."

కోడలు తంబూరాని పట్టు గుడ్డలో చుట్టి తెచ్చింది. మా చేతులకి గ్రీసు. సబ్బుతో మోచేతుల దాకా కడిగించింది, కాళ్లు కూడా కడుక్కోమంది. "సీటు మీద పెట్టకండి. అది మనుషులు కూర్చునే చోటు. ఒళ్లో పెట్టుకోండి, కాలు తగలనివ్వకండి," అంది. ఆ ఇంట్లో అది పద్ధతి. వాయిద్యం అంటే వాళ్లకి సరస్వతి. నేను చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఒళ్లోకి తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాను. వెల్డర్ స్టీరింగు పట్టుకున్నాడు. అది గురువారం.

నెల్లిమర్ల ఇవతల రైలు గేటు దగ్గర పట్టాలు దాటుతుంటే కిందనుంచి ఠక్కుమని ఒక దెబ్బ. ఇనుముకి ఇనుము తగిలిన దెబ్బ. చెవికంటే ముందు నా పిర్ర ఎముకకి తెలిసింది. ఆలోచించకుండానే రెండు చేతులతో తంబూరాని పైకి లేపాను. వెల్డర్ చర్చి పాట గొంతెత్తి పాడుకుంటున్నాడు, అద్దాలు దించి ఉన్నాయి, అతనికి వినపడలేదు. తిరిగి వస్తుంటే ఒక స్పీడు బ్రేకరు మీద మళ్లీ ఠక్. మళ్లీ లేపాను.

"ఎలగున్నాది బావా ఎనక?"

"బాగున్నాది."

ఖాళీ కారులో, యాభై కిలోల మనిషిని ఒక్కణ్ణి కూర్చుంటేనే ఆ సందు రెండుసార్లు మూసుకుపోయింది. అంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. కమాను పైన ఉండే బంపు రబ్బరు తగిలి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక టీచరమ్మ తంబూరాని నిలబెట్టించుకుని, నాలుగు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి మీటింది. కళ్లు మూసుకుంది. మళ్లీ మీటింది.

"వెంట్రుకంత కూడా కదల్లేదు," అంది. ఆ ముఖం మీద నవ్వు చూడటం నాకు అదే మొదలు. "ఆదివారం వెళ్దాం. పిల్లలకి చెప్పవే."

కోడలు అక్కడికక్కడే శ్రీకాకుళం ఫోను చేసి స్పీకరు పెట్టింది. అవతల పిల్లలు కేకలు పెట్టారు. ఒక పిల్ల ఏడ్చేసింది కూడా. నోరు విప్పాలంటే అప్పుడే విప్పాలి. విప్పితే డిక్కీ కొయ్యాలి, మళ్లీ వెల్డు, మళ్లీ రంగు, నాలుగైదు రోజులు. ఆదివారం పోతుంది. ఆ నవ్వు కూడా పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది దాచను. నా కొలత తప్పని వెల్డర్ ముందు ఒప్పుకోవాలి. ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

శుక్రవారం, శనివారం షెడ్డుకి వెళ్లి వేరే బళ్లు బాగుచేశాను. భోజనం కూడా బాగానే సహించింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి బయల్దేరాం. హైవే మీద లారీలంటే టీచరమ్మకి బెదురు, అందుకని గరివిడి, చీపురుపల్లి మీదుగా. డిక్కీలో ఇనప చక్రాల కుర్చీ, వీణ పెట్టె, పరుపు, దిండ్లు, రెండు నీళ్ల క్యాన్లు. వెనక సీట్లో టీచరమ్మ, కోడలు. చక్రాల కుర్చీ అన్నది ఒకటి ఉంటుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. వెల్డర్ వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు.

"ఎనకాల దిగీసింది బావా."

"నిమ్మళంగా ఎల్లు. ఏటీ కాదు."

నిమ్మళంగానే వెళ్లాడు. ముప్పై దాటనివ్వలేదు. టీచరమ్మ అద్దం దించమంది. జీడి పూత వాసన లోపలికి వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత చూస్తోంది కదా, కనపడిందల్లా పైకి చదువుతోంది. "ఆ బడి గేటుకి రంగు మార్చేశారే. అయ్యో, ఇక్కడ తాటిచెట్లన్నీ పడిపోయాయి. ఆ మిల్లు ఇంకా నడుస్తోందా?" ఆవిడ హుషారు చూసి వెల్డర్‌కీ హుషారొచ్చింది, చిన్నగా పాట ఎత్తుకున్నాడు. ఆవిడ కాసేపు విని అంది:

"రెండో చరణంలో శ్రుతి కిందకి జారుతోంది నాయనా."

"మా సర్చిలో అందరం కలిసే జారతాం అమ్మగారూ. ఒక్కణ్ణే పైనుంటే బాగోదు."

ఆవిడ పకపకా నవ్వింది. కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు పూర్తి కాకుండానే కల్వర్టు వచ్చింది. వరద నీటికి కల్వర్టు పక్కన మట్టి కుంగిపోయి, పైనుంచి చూస్తే తెలియని గుంట. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు దిగి, లేచాయి. దాగలి మీద సమ్మెట పడ్డట్టు చప్పుడైంది.

ఆవిడ అరవలేదు. మామూలు గొంతుతో, "కారు ఆపండి," అంది.

పక్క జీడితోటలో ఉంటున్న మొగుడూ పెళ్లాం పరిగెత్తుకొచ్చారు. ఆమె మళ్లీ ఇంట్లోకి వెళ్లి నులక మంచం తెచ్చింది. డిక్కీలోంచి పరుపు తీసి ఆవిడ కిందకి జొనిపి, నడుము కదలకుండా పరుపుతో పాటే దించి, మంచం మీద పెట్టి, చెట్టు నీడకి మోశాం. కోడలు అంబులెన్సుకి ఫోను చేసింది. తర్వాత అత్తగారి పాదాల దగ్గర కూర్చుని వేలు గిల్లింది.

"తెలుస్తోందా అత్తయ్యా?"

"ఏ కాలు గిల్లుతున్నావే?" అంది టీచరమ్మ.

కోడలు ఎడమ కాలి దగ్గరనుంచి చెయ్యి తీసేసుకుంది.

వెల్డర్ ఈలోపు కారు కింద దూరాడు. బయటికి వచ్చేసరికి ముఖమంతా దుమ్ము, దుమ్ములో కన్నీటి చారలు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నా వెల్డు నెర్రిచ్చీసింది అమ్మగారూ. బ్రాకెట్టు ఇరిగిపోనాది. తప్పు నాది. నన్నేటన్నా అనండి."

వెల్డు పగిలిన మాట నిజమే. కానీ అది షాకబ్జర్ అడుగుకంటా మూసుకుపోయి, పోవడానికి ఇంకెక్కడా చోటులేని దెబ్బ నేరుగా బ్రాకెట్టు మీద పడబట్టి పగిలింది. ఎవరు వెల్డు చేసినా పగిలేదే. అది నాకు తెలుసు. అతనికి తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఆ తప్పు అతని పేరు మీదే ఉండిపోతుంది. ఒక్క నిమిషం నేను మూసుకునే ఉన్నాను.

టీచరమ్మ అతని వైపు చూడలేదు. నన్ను చూసింది.

"బాబూ, ఈ చప్పుడు గురువారం కూడా వచ్చిందా?"

"వచ్చిందమ్మా. రెండుసార్లు. నాను సెప్పనేదు."

ఆవిడ మళ్లీ అడిగింది.

"అప్పుడు తంబూరా ఎక్కడుంది?"

"నా ఒళ్లోనమ్మా. దెబ్బ తగిలినప్పుడు పైకి లేపేను."

ఆవిడ కళ్లు మూసుకుంది. "అయితే నేను విన్నది నీ ఒళ్లు. కారుని వినలేదు," అంది. కోపం లేదు ఆ మాటలో. లెక్కలో ఎక్కడ పొరపాటు వచ్చిందో దొరికితే పంతులమ్మ చెప్పినట్టు చెప్పింది. కోపపడింది కోడలు. "మీరు మనుషులేనా? ఒక్కమాట చెబితే నేనే డిక్కీ కోయించేదాన్ని కదా! ఆదివారం కాకపోతే ఇంకో ఆదివారం వచ్చేది కాదా?" అని ఏడుస్తూ అరిచింది. వెల్డర్ లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఏటి బావా ఇది," అని మాత్రం అన్నాడు. వెళ్లి కల్వర్టు గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో శ్రీకాకుళం నుంచి పిల్లలు మూడుసార్లు ఫోను చేశారు. చాపలు పరిచి కూర్చున్నామని, ఎక్కడిదాకా వచ్చారని. మూడుసార్లూ కోడలు కట్ చేసింది.

టీచరమ్మ ఎడమ కాలు మళ్లీ రాలేదు. ఆవిడ మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. కొన్నాళ్లు పిల్లల్లో నలుగురు బస్సెక్కి విజయనగరం వచ్చేవారు. ఆవిడ పడుకునే పాఠం చెప్పేది. నలుగురు ఇద్దరయ్యారు. పరీక్షలు, పెళ్లిళ్లు. ఇక ఆ తర్వాత సంగతి నాకు తెలియదు, అడిగే ముఖం లేదు.

వెల్డర్ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "సప్పుడు సంగతి నువ్వు ఆ రోజే సెప్పీసేవు గానీ బావా, తప్పు నా వెల్డుది కాదని నాకు నమ్మకం సాల్నేదు. రెండు నెల్లూ నా వెల్డు గురించే పార్దన సేసుకున్నాను," అన్నాడు. టీ తాగి వెళ్లాడు. మళ్లీ ఇద్దరం కలిసి ఒక్క బండి కూడా చెయ్యలేదు.

నేను ఒక్కణ్ణే వెళ్లి ఆ కారు బాగుచేశాను. కోడలు డిక్కీ కొయ్యనిచ్చింది. బ్రాకెట్టు నాలుగు వేళ్లు పైకి జరిపాను. వెనక సీట్లో, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, అదే కల్వర్టు మీద అటూ ఇటూ ఆరుసార్లు తిప్పాను. చప్పుడు లేదు. చాలా బాగా కుదిరింది, నా జన్మలో అంత మెత్తగా ఏ బండీ చెయ్యలేదు. తాళాలు ఇస్తుంటే కోడలు అడిగింది: "ఇప్పుడు ఎవరి కోసం మేస్త్రీ గారూ?"

తాళాలు వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చాను.

మీకు చెప్పేది ఎక్కువ లేదు. మీ పనిని మీరే పరీక్ష చేస్తుంటే, ఆ పరీక్ష నెగ్గాలని మీ ఒళ్లు మీకు తెలియకుండానే సాయం చేస్తుంది. చప్పుడు వినపడితే అప్పటికప్పుడు పైకి చెప్పండి, ఎవరి నవ్వు పోయినా సరే. బళ్లు బాగుచేసే చోట్ల ఏదైనా జరిగితే "బండి దెబ్బతీసింది" అని రాసుకోవడం అలవాటు. బండి ఎవరినీ ఏమీ చెయ్యదు. మనుషులే అక్కడ ఉంటారు. అందుకని ఎవరెవరున్నారో రాసి ముగిస్తాను.

ఆ ఆదివారం ఆ కల్వర్టు దగ్గర ఉన్నవాళ్లు: నులక మంచం ఇచ్చి, దాన్ని తిరిగి అడగని జీడితోట ఇల్లాలు. టీచరమ్మ ముఖం మీద ఎండ పడకుండా నలభై నిమిషాలు తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త. అంబులెన్సులో వచ్చిన ఇద్దరు మనుషులు. ఫోను పట్టుకుని, పిల్లలకి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డ కోడలు. తనది కాని తప్పుకి మోకాళ్ల మీద పడ్డ వెల్డర్. నలభై ఏళ్లు వెళ్లిన దారిలో సగం దూరంలో ఆగిపోయిన వీణ టీచరమ్మ. మూడు రోజుల ముందే ఆ చప్పుడు విన్న నేను.